అప్‌డేట్ వేశాక మెమో ఎందుకు ఎక్కదు?

సంపాదకుడు గారికి,

స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడ్డప్పుడే కాలేజీ వెబ్‌సైట్లు మొరాయిస్తాయి. హనుమకొండ, కాజీపేట నెట్ సెంటర్లలో పిల్లలు పడిగాపులు కాస్తుంటే ‘సర్వర్ డౌన్’ అని ఒక్క మాట అనేసి ఊరుకుంటారు, లేదా హ్యాకర్ల మీదికి తోసేస్తారు. చాలాసార్లు అసలు కారణం అంతకుముందు వేసిన అప్‌డేటే.

సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04 నుంచి 24.04కు మారితే, వెబ్‌సైటు ప్రోగ్రాములను నడిపే పీహెచ్‌పీ 8.1 పోయి 8.3 వస్తుంది. దాని సెట్టింగుల ఫోల్డరే వేరు. పాత పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైలులో 10 ఎంబీకి పెంచుకున్న అప్‌లోడ్ పరిమితి కొత్తదాంట్లోకి రాదు, మళ్లీ 2 ఎంబీకే వచ్చి కూర్చుంటుంది. 3 ఎంబీ మెమో ఇక ఎక్కదు. మొత్తం ఫారం 8 ఎంబీ దాటిందా, ఇంకా అన్యాయం: నింపిన వివరాలు ఒక్కటీ అప్లికేషన్‌కు అందవు. విద్యార్థి తన ఫోనునే తిట్టుకుంటాడు.

పేజీలను అందించే వెబ్ సర్వర్ అపాచీదీ ఇదే తంతు. మనం మార్చుకున్న సెట్టింగుల ఫైలుకు అప్‌డేట్‌తో వచ్చే ప్యాకేజీలోనూ కొత్త రూపం వస్తే డెబియన్, ఉబుంటు సిస్టమ్‌లు ఏది ఉంచాలని ఆగి అడుగుతాయి. చదవకుండా, కొత్తదే కావాలన్నట్టు ‘వై’ కొడితే మన ఫైలు ‘డీపీకేజీ-ఓల్డ్’ అనే తోకతో పక్కకు పోతుంది. పోయిందని కంగారు పడక్కర్లేదు, అదే ఫోల్డర్‌లో ఉంటుంది. ‘డి’ నొక్కితే తేడా కనిపిస్తుంది, ముందు అది చూడాలి. రెడ్‌హ్యాట్ రకం సిస్టమ్‌లు అసలు అడగవు, ‘ఆర్‌పీఎంన్యూ’, ‘ఆర్‌పీఎంసేవ్’ తోకలున్న ఫైళ్లను మనమే వెతుక్కోవాలి.

ఫైలు ఎప్పుడు మారిందో తెలియాలంటే ఫైళ్ల జాబితా ఇచ్చే ‘ఎల్ఎస్’ కమాండ్ చూపే తేదీని నమ్మొద్దు. అది ప్యాకేజీతో వచ్చిన తేదీ కావచ్చు. ‘స్టాట్’ అనే కమాండ్ కొట్టి ‘చేంజ్’ వరుస చూసి, అప్‌డేట్లు వేసే ఏపీటీ హిస్టరీ లాగ్‌లోని సమయంతో పోల్చాలి.

ఎంజినెక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌తో మరో చిక్కుంది. సెట్టింగుల ఫైలులో తప్పుంటే దాన్ని మళ్లీ చదివించే రీలోడ్ విఫలమవుతుంది, కానీ సైటు పాత సెట్టింగులతో నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, మెషీన్ మళ్లీ ఆన్ అయిన రోజున గుట్టు బయటపడుతుంది. ‘ఎంజినెక్స్ -టీ’ అని ముందే పరీక్షించి ఉంటే ఆ తప్పు ఏ వరుసలో ఉందో అదే చెప్పేది.

ఇవన్నీ చూసి అప్‌డేట్లు ఆపేస్తామంటే కుదరదు, అప్పుడు నిజంగానే హ్యాకర్లు వస్తారు. విద్యాసంస్థలు, మున్సిపల్ కార్యాలయాలు ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందాల్లోనే షరతులు రాసుకోవాలి. ‘ఎట్సీకీపర్’ అనే సాధనం పెట్టి, సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రతి మార్పునూ, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో నమోదు చేయాలి. అది ఉచితం, ఏపీటీ నడిచిన ప్రతిసారీ తనంతట తానే నమోదు చేస్తుంది. అప్‌డేట్ అయ్యాక హోం పేజీ తెరుచుకుందని సంతకం పెట్టకుండా, 5 ఎంబీ సర్టిఫికెట్ ఒకటి ఎక్కించి చూశాకే బిల్లు చెల్లించాలి.

– సర్వర్ల నిర్వాహకులు, హనుమకొండ