మెంటర్లుగా రండి: వారానికి ఒక గంట

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు మెంటర్లుగా స్వచ్ఛందంగా ముందుకు రావలసిందిగా ఈ ఏడాది కూడా మిమ్మల్ని కోరుతున్నాను. ఈ మాట ఎత్తినప్పుడల్లా చాలామంది తల్లిదండ్రులు "మా చదువెంత సార్, మేమేం చెప్పగలం" అని వెనక్కి తగ్గుతున్నారు. అందుకే పిల్లలకు కలిగే మేలును కాసేపు పక్కన ఉంచి, మెంటర్లుగా వచ్చిన పెద్దలకు ఏం దక్కిందో నేను చూసినంత మేరకు చెప్పదలచుకున్నాను.

మెంటర్ పని ట్యూషన్ చెప్పడం కాదు. శనివారం సాయంత్రం ఒక గంటసేపు మన గ్రంథాలయంలో ఒక విద్యార్థితో కూర్చుని ఆ వారం ఎలా గడిచిందో అడగడం, ఏ పాఠం దగ్గర ఆగిపోయారో కనుక్కుని మా ఉపాధ్యాయులకు తెలియజేయడం, పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్కా, ఐటీఐయా, ఇంటర్మీడియటా అని పిల్లలు తర్జనభర్జన పడుతున్నప్పుడు తమకు తెలిసిన లోకం గురించి నిజాయితీగా చెప్పడం, ఇదే ఆ పని. దీనికి డిగ్రీలు అక్కర్లేదు.

పోస్ట్‌మన్‌గా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన నిరుడు ఎనిమిదో తరగతి అమ్మాయితో జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షకు దరఖాస్తు చేయించారు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు మించని విద్యార్థులు ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్షలో ఎంపికైతే, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏటా 12,000 రూపాయలు అందుతాయి. ఆ అమ్మాయి ఇంటిపేరు ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా, పాఠశాల రికార్డులో పూర్తిగా ఉన్న సంగతిని, జీవితమంతా చిరునామాలు చదివిన ఆయన కళ్ళు ఇట్టే పట్టుకున్నాయి. గడువు ముగిసేలోగా దాన్ని సరిచేయించారు. ఉద్యోగం అయిపోయాక ఊళ్ళో తన అవసరం తీరిపోయిందనుకున్నానని, ఇప్పుడు శుక్రవారం రాత్రే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకుంటున్నానని ఆయన నాతో అన్నారు.

కుట్టుపని చేసుకునే ఒక తల్లి అనుభవం నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది. సొంత కొడుకు మార్కులు తగ్గాయంటే ఆమెకు ముందు కోపం వచ్చేది, ఆ వెంటనే ఇంట్లో కేకలు మొదలయ్యేవి. కానీ తనకు అప్పగించిన తొమ్మిదో తరగతి పిల్లవాడు పరాయి బిడ్డ కాబట్టి కసరడానికి వీల్లేదు. అడిగి ఊరుకోవాలి, వాడు నోరు విప్పేదాకా ఆగాలి. మొదటి కొన్ని వారాలు వాడు పుస్తకం అట్ట గోకుతూ కూర్చున్నాడు. తర్వాత ఒకరోజు, లెక్కల క్లాసులో బోర్డు మీది అక్షరాలు కనిపించడం లేదని బయటపెట్టాడు. కళ్ళద్దాలు వచ్చాయి, వాడి సమస్య తీరింది. అయితే అలా ఓపిగ్గా ఆగే అలవాటు ఆమెతోపాటు ఇంటికి కూడా వెళ్ళింది. తన కొడుకును కూడా అలాగే అడగడం మొదలుపెట్టాక, వాడు బడి సంగతులు తనంతట తానే చెబుతున్నాడని ఆమె సంతోషంగా చెప్పారు. ఎన్ని తల్లిదండ్రుల సమావేశాలు పెట్టినా మేం నేర్పలేకపోయిన సంగతి ఇది.

మెంటర్లుగా వచ్చిన మన పూర్వ విద్యార్థులు, బీజగణితం వివరించబోతే తమకే ఎక్కడ పట్టు లేదో తెలిసివచ్చిందని చెబుతుంటారు. అదీ తక్కువ లాభం కాదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఏడాది పొడవునా కొనసాగే తోడు పిల్లలకు మేలు చేస్తుందని, మొదటి నెలల్లోనే తెగిపోయే తోడు వారి ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీయగలదని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. మా అనుభవమూ అదే. పొలం పనుల వల్లనో, షిఫ్టుల వల్లనో ప్రతి వారం రాలేమనుకునేవారు దయచేసి ముందే చెప్పండి. పదో తరగతి వారికి మీ వృత్తి గురించి ఒక పూట మాట్లాడే ఏర్పాటు చేస్తాం. దూరాన ఉన్న పూర్వ విద్యార్థులు కేంద్ర విద్యాశాఖ 2021లో ప్రారంభించిన విద్యాంజలి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని పాఠశాలలకు సేవ చేయవచ్చు.

మెంటర్, విద్యార్థి కలుసుకోవడం పాఠశాల ఆవరణలో, ఉపాధ్యాయుల కనుచూపు మేరలో మాత్రమే జరుగుతుంది. విద్యార్థి తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం తప్పనిసరి. డబ్బు, కానుకలు ఇచ్చిపుచ్చుకోకూడదు. రాదలచినవారు ఈ నెలాఖరులోగా ఆధార్ నకలుతో కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. ప్రతి ఒక్కరితో నేను స్వయంగా మాట్లాడిన తర్వాతే విద్యార్థిని అప్పగిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల