ఈ ఆదివారం మా మిద్దె మీద సి.ఐ.డి. సాయంత్రం

అందరికీ నమస్కారం!

ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా మిద్దె మీద తెర కడుతున్నాం. హిందీ టీవీ క్రైమ్ సీరియల్ సి.ఐ.డి. పాత ఎపిసోడ్లు రెండు చూద్దాం. కొత్తగా చేరినవాళ్లకు: ఈ సీరియల్ 1998 నుంచి 2018 దాకా నడిచింది, 2024 డిసెంబర్లో మళ్లీ మొదలైంది. కర్నూలులో మనం దీన్ని ఇలా కలిసి చూడటం నాకెంతో ఇష్టం.

ఒక్కొక్కరు ఒక గుర్తు చెప్పాలి: మన ఇంట్లో సి.ఐ.డి. పిచ్చి ముదిరిందని ఎప్పుడు తెలిసింది? మా ఇంట్లో అయితే, డబ్బాలో మైసూర్‌పాక్ ఒకటి తగ్గితే చాలు, మా అమ్మ సీరియల్లోని పోలీసు అధికారి ఏసీపీ ప్రద్యుమన్‌లా చేతివేళ్లు తిప్పుతూ అందరినీ వరుసగా నిలబెడుతుంది. మా చిన్నోడు పిండి చల్లి వేలిముద్రలు వెతుకుతాడు, వాడే మా ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖే. పోయిన వారం కొండారెడ్డి బురుజు చూడటానికి పోతే అక్కడా భూతద్దం తీశాడు!

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి, ఉగ్గాని, బజ్జీలు లెక్కగా చేయించాలి. చాప, నీళ్ల బాటిల్ మీరే తెచ్చుకోండి. బండ్లు సందులో అడ్డంగా పెట్టొద్దు.

గుర్తుంచుకోండి: హంతకుడెవరో తెలిసినా ముందే చెప్పొద్దు. మిద్దె తలుపు పాతది, తెరుచుకోకపోతే నన్ను పిలవండి, సీరియల్లో తలుపులు బద్దలుకొట్టే ఇన్‌స్పెక్టర్ దయాలా పగలగొట్టొద్దు!