తీరం ఊళ్ల బోర్లలో ఉప్పు ఎవరు కొలుస్తున్నారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే పేపర్లో భూగర్భ జలమట్టం లెక్కలు వస్తాయి, ఏ జిల్లాలో ఎన్ని మీటర్లు కిందకి పోయింది అని. మా బాపట్ల, చీరాల, వేటపాలెం వైపు సముద్రం పక్క ఊళ్లకి ఆ లెక్క ఒక్కటే చూసుకుంటే సరిపోదండీ, అందుకే ఈ ఉత్తరం. మా దగ్గర బోర్లు ఎండిపోవడం కన్నా ఉప్పెక్కిపోవడం పెద్ద భయం. మంచినీళ్లు తోడేసిన కొద్దీ ఆ జాగాలోకి ఉప్పునీళ్లు జరుగుతాయి, మట్టం చూస్తే పెద్దగా తగ్గినట్టు కూడా ఉండదు, రిపోర్టులో అంతా బాగానే ఉంటుంది, ఇంట్లో మాత్రం టీ పెడితే పాలు విరిగిపోతాయి, కందిపప్పు గంటసేపు పొయ్యి మీదున్నా పలుకుగానే ఉంటుంది, సబ్బు నురగ రాదు. ఇవన్నీ ముందు కనిపెట్టేది ఇంట్లో ఆడవాళ్లే, కానీ వాళ్లకి తెలిసేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది.

ఎందుకంటే మా ఇసుక నేలల్లో మంచినీళ్లు తేలిక కాబట్టి కిందున్న ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సైంటిస్టుల లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లు నిలబడితే దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్లు ఉంటాయి. అంటే పైన అర మీటరు తగ్గిందంటే కింద ఉప్పు 20 మీటర్లు పైకి వచ్చే వీలుంది. ఒక్క రోజులో రాదు, ఏళ్లు పట్టొచ్చు, అందుకే ఎవరూ పట్టించుకోరు. సముద్రపు నీళ్లు నూటికి రెండు పాళ్లు కలిసినా చాలు, తాగే నీళ్లలో క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండే పదార్థం, లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటిపోతుంది, దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ వాళ్లు పెట్టిన మామూలు హద్దు అదే. ఒకసారి ఉప్పెక్కిన ఇసుక మళ్లీ కడుక్కుపోయి నీళ్లు తియ్యగా మారాలంటే ఎన్ని వానాకాలాలు కావాలో చెప్పలేం.

మా పెద్దవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే లోతుకి పోకుండా దొరువులు తవ్వుకునేవాళ్లు, ఇసుకలో వెడల్పుగా గుంట తీస్తే పైపైన ఉన్న తియ్య నీళ్లు మాత్రమే ఊరేవి, ఆ నీళ్లు కుండలతో ముంచి మొక్కలకి పోసుకునేవాళ్లు. బాపట్లలో ఉన్న ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్లు ఇదే పద్ధతిని బాగుచేసి, తక్కువ లోతులో అడ్డంగా చిల్లుల పైపులు వేసి మధ్యలో బావిలోకి నీళ్లు దించి అక్కణ్ణుంచి మోటారుతో తోడుకునేలా చేశారు. కింద ఉప్పు కదలదు, పైన మీగడ తీసినట్టు మంచినీళ్లే వస్తాయి. ఇంత మంచి పని మన పక్కనే జరిగితే, ఇప్పటికీ నీళ్లు చాలకపోతే మొదట వచ్చే మాట ఇంకో నాలుగు గొట్టాలు లోతుకి దించుదాం అనే. లోతుకి దించితే వచ్చేది ఉప్పే కదండీ.

మద్రాసుకి ఉత్తరాన మీంజూరు సంగతి చూడండి. ఊరి అవసరాలకీ, ఫ్యాక్టరీలకీ, పొలాలకీ అక్కడ బోర్లతో తోడేశారు. 1960ల చివర్లో తీరం నుంచి 3 కిలోమీటర్ల దాకా ఉన్న ఉప్పు 1980ల చివరికి సుమారు 9 కిలోమీటర్ల లోపలికి వచ్చేసింది. 2010లో అదే మీంజూరులో రోజుకి 10 కోట్ల లీటర్ల సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసు లాంటి మహానగరం పెట్టుకోగలిగింది, మా పంచాయతీలు ఎక్కణ్ణుంచి తెస్తాయి?

ఆర్వో ప్లాంట్లు ఉన్నాయి కదా అంటారు. టిన్ను నీళ్లు తాగడానికి సరిపోతాయేమో, వంటకి, గేదెలకి, స్నానాలకి కొనుక్కునే స్తోమత ఎంతమందికి ఉంది? పైగా ఆర్వోలోంచి వదిలేసే ఉప్పునీళ్లు మళ్లీ ఆ ఇసుకలోకే ఇంకుతున్నాయి. ఒంటి సంగతి కూడా చూడాలి, బంగ్లాదేశ్ తీరంలో ఉప్పగా ఉన్న నీళ్లు తాగే గర్భిణుల్లో బీపీ ఎక్కువగా ఉంటోందని పరిశోధనలు చెప్తున్నాయి.

రొయ్యల చెరువుల వాళ్లని తిట్టడానికి ఇది రాయట్లేదు, మా బంధువులే చాలామంది ఆ చెరువుల మీద బతుకుతున్నారు. అసలు ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో తేలాలి. సముద్రం నుంచి జరిగి వస్తోందా, చెరువుల నుంచి ఇంకుతోందా, పోటు టైములో డ్రెయిన్లలోకి ఎక్కి వస్తోందా, లేకపోతే వేల ఏళ్ల కింద సముద్రం ఇక్కడ ఉన్నప్పుడు మట్టిలో చిక్కుకున్న పాత ఉప్పేనా? కృష్ణా డెల్టాలో ఆ పాత ఉప్పు కూడా ఉందండీ. ఒక్కోదానికి మందు ఒక్కోటి, కొలవకుండా ఏ మందు వేస్తాం?

కాబట్టి అధికారుల్ని అడిగేది ఇది. సముద్రానికీ ఊరి మంచినీటి బోరుకీ మధ్యలో కాపలాకి రెండు గొట్టాలు దించండి, ఒకటి పైపైన, ఒకటి లోతుగా, వాటిలో మట్టంతో పాటు ఉప్పు కూడా కొలిచే సెన్సర్ పెట్టండి. లోతు గొట్టంలో ఉప్పు పెరగడం మొదలైందంటే ఊరి బోరుకి చేరేలోపే తోడకం తగ్గించుకోవచ్చు. అది అయ్యేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు, జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీళ్ల టెస్టు నేర్పించాలని రూలే ఉంది, వాళ్ల చేతికి నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఒకటి ఇస్తే నెలకోసారి ప్రతి బోరూ చూసి రాస్తారు. అమావాస్య, పౌర్ణమి పోటు ఉందా లేదా అనేది కూడా పక్కన రాయాలి, లేకపోతే ఈ నెల అంకెకీ పోయిన నెల అంకెకీ పోలిక కుదరదు. ఆ అంకెలు ఆఫీసు ఫైల్లో కాకుండా గ్రామ సచివాలయం గోడ మీద అందరికీ కనపడేలా రాయించండి.

ఇంకోటి, నీళ్లు, భూమి, చెట్లని కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, ఊరి మంచినీటి బోరు దగ్గర్లో ఇష్టం వచ్చినట్టు కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. ఉప్పు పెరుగుతున్న ఊళ్లలోనన్నా దాన్ని గట్టిగా అమలు చేయాలి. ఎండాకాలం కాలవకి నీళ్లు కట్టేసే లోపు మంచినీటి చెరువులు నిండా నింపాలి, కొమ్మమూరు కాలవ చివర ఉన్న మాకు నీళ్లు అందేసరికే ఆలస్యం, చెరువు సగమే నిండితే మిగతా ఎండాకాలమంతా భారం బోర్ల మీదే పడుతుంది, ఉప్పు ఎక్కువగా పైకి జరిగేది ఆ ఎండాకాలం నెలల్లోనే. ఈసారి కాలవ కట్టేసే ముందు ఏ ఊరి చెరువు ఎంత నిండిందో, ఏ బోరులో ఉప్పు ఎంతుందో పక్కపక్కనే పెట్టి మీ జిల్లా పేజీలో వేయించమని మిమ్మల్ని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
వేటపాలెం మండలం, బాపట్ల జిల్లా