బ్యాండ్ మేళానికి నెలకొక సాయంత్రం

సంపాదకుల వారికి నమస్కారం.

మా అమ్మాయి వినిపించిన ఒక ఆల్బం గురించి రాస్తున్నాను. పాటల ముచ్చట మీ లేఖల పేజీకి ఎందుకు అనుకోకండి. అది తిరిగి తిరిగి మన హనుమకొండలోని సర్కారు భవనం కాళోజీ కళాక్షేత్రం దగ్గరికే వస్తుంది.

ఢిల్లీలో 2009లో మొదలైన పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ అనే బ్యాండ్ ఉంది. పేరు విని ఏదో క్యాసెట్ల కంపెనీ అనుకున్నాను. సినిమాలతో పని లేకుండా సొంతంగా పాటలు కట్టుకుని పాడే రాక్ బృందం అది. పాడేది ఇంగ్లిష్‌లో. 2019లో 'బిస్మిల్లా' వచ్చింది, మళ్లీ 2024 ఆగస్టులో గానీ ఈ కొత్త ఆల్బం 'బీటా' రాలేదు. నా చెవిన పడేసరికి ఇంకొంత ఆలస్యమైంది.

రాక్ అంటే గిటార్ల రొద అని నా భయం. కానీ ఇందులో గాయకుడు సూర్యకాంత్ సాహ్నీది బరువైన గొంతు. తొందర లేదు, పాత రేడియోలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మాటలు సగమే అర్థమయ్యాయి. అన్నీ నచ్చాయని చెప్పను. రెండు మూడు పాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియలేదు, ఒకటైతే దాటేయమన్నాను. ట్రంపెట్ వచ్చినప్పుడు మాత్రం చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టాను.

ఆ ట్రంపెట్ నాకు తెలుసు. సాయంత్రం నుంచి ఊది ఊది పెదాలు అలిసినవాడి స్వరంలా కొంచెం వణుకుతుంది. మా చిన్నప్పుడు కాజీపేటలో పెండ్లి బరాత్ అంటే బ్యాండ్ మేళమే. జరీ అంచు ఎర్రకోట్లు, క్లారినెట్లు, ట్రంపెట్లు, సైడ్ డ్రమ్ములు. వాయించేవి సినిమా పాటలే. పెండ్లికొడుకు బయటికి రావడం ఆలస్యమైతే మాత్రం వాళ్లలో ఒకాయన గోడకు ఆనుకుని తనకు తోచిందేదో మెల్లగా ఊదుకునేవాడు. ఎవరూ అడిగింది కాదు, ఎవరూ డబ్బులు చదివించేదీ కాదు. ఢిల్లీవాళ్ల ఆల్బంలో నాకు వినిపించింది అదే.

ఇప్పుడు బరాత్ అంటే డీజే బండి. ఈ మధ్య మా చుట్టాల పెండ్లిలో ఆ బాక్సుల దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వద్దని 2000లోనే కేంద్రం నిబంధనలు పెట్టింది గానీ, పదకొండున్నరకు కూడా ఎవరికీ అవి గుర్తు రాలేదు. మా గల్లీలో ట్రంపెట్ వాయించే ఆయన ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ట్రంపెట్ గోడకు వేలాడుతోంది. దసరాకు తుడుస్తాడు, అంతే.

ఇక భవనం సంగతి. కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగింది. తలుపులు తెరుచుకునేసరికి 2024 నవంబరు వచ్చింది. పదేళ్లు ఎదురుచూసిన హాలు. పెద్ద సభలకు, పెద్ద పేర్లకు అది ఎలాగూ దొరుకుతుంది. నేను అడిగేది నెలకొక్క సాయంత్రం, కిరాయి లేకుండా. సగం సమయం సొంతంగా పాటలు కట్టుకునే కాలేజీ పిల్లలకు, సగం సమయం బ్యాండ్ మేళం వాళ్లకు. ఇంజినీరింగ్ కాలేజీ నిట్‌లో విద్యార్థుల ఉత్సవం స్ప్రింగ్ స్ప్రీ జరిగే ఆ కొద్ది రోజులే ఊళ్లో స్టేజీ మీద బ్యాండ్లు కనిపిస్తాయి. మిగతా ఏడాదంతా పిల్లలు గదుల్లో తలుపులేసుకుని ప్రాక్టీసు చేసుకోవాల్సిందే. కళాక్షేత్రం కుదరకపోతే పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణమైనా సరే. మిమిక్రీతో ఒక్క గొంతులో వంద గొంతులు పలికించిన మనిషి పేరున్న చోటు, ట్రంపెట్‌ను కాదంటుందా!

కాళోజీ పేరున్న చోట రాక్ ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ట్రంపెట్, క్లారినెట్ కూడా తెల్లవాళ్ల పటాలాల వెంట వచ్చినవే. మన పెండ్లిళ్లు వాటిని ఎంతగా కలిపేసుకున్నాయంటే, ఢిల్లీవాడు ఇంగ్లిష్ పాటలో ఊదితే నాకు కాజీపేట గుర్తొచ్చింది.

మీ పత్రికకూ ఒక మాట. సినిమా ఆడియో ఫంక్షన్‌కు అరపేజీ ఇస్తారు. ఇలాంటి ఆల్బం వచ్చినప్పుడు నాలుగు లైన్లు వేస్తే, నాలాంటివాళ్లు పిల్లల ఫోన్ల మీద ఆధారపడే పని ఉండదు.

అధికారులు ఒప్పుకుంటే మొదటి సాయంత్రానికి మైకు ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ట్రంపెట్‌కు మైకుతో అంత పని లేదు. ఆ ఆటో ఆయన్ను ఒప్పించి తీసుకొచ్చే పని నాది.

ఇట్లు,
ఒక రైల్వే ఉద్యోగి, కాజీపేట