చిట్టడవికి ముందు కావాల్సింది మొక్కలు కాదు

సంపాదకులకు,

నగరాల్లో దెబ్బతిన్న చిట్టడవులను బాగుచేయడమంటే గుంతలు తవ్వి మొక్కలు నాటడమనే అనుకుంటున్నారు. అంతకుముందే కలుపు పని ఉంది. లాంటానా అనే కలుపు పొదను పైపైన నరికితే మొదలు నుంచి రెట్టింపు పిలకలు వేస్తుంది. మట్టిలో 3–5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెంచి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కొమ్మ తడి మట్టికి ఆనితే అక్కడే వేళ్లూనుతుంది. కాయలు పండకముందే ఇది అయిపోవాలి, లేదంటే విత్తనాలను పిట్టలే చల్లిపెడతాయి. అలాగని మొత్తం ఒకేసారి ఊడ్చేయకూడదు. పొదల్లోని గూళ్లు పోతాయి, ఎండ తగిలిన నేలను మళ్లీ కలుపే ఆక్రమిస్తుంది. కొంచెం కొంచెంగా తీస్తూ, వానలు పడ్డాక వచ్చే మొలకలను చేత్తో పీకాలి. కొన్నేళ్లపాటు ఇదే పని. బడ్జెట్లేమో నాటిన రోజుతోనే సరి!

రాలిన ఆకులు కాల్చొద్దు. మొక్క చుట్టూ పరచాలి, కాండానికి జానెడు ఎడంగా. ఆనించి పోస్తే మొదలు కుళ్లుతుంది. దారి మీద పడే ప్రమాదం లేని ఎండు మానును అలాగే వదిలేయాలి. తొర్రల్లో గుడ్లగూబలు, బెరడు కింద పురుగులు ఉంటాయి. పక్కనే ‘దీన్ని కావాలనే ఉంచాం’ అని కారణంతో సహా చిన్న బోర్డు పెడితే చూసేవాళ్లకు సంగతి అర్థమవుతుంది. ప్రారంభోత్సవ శిలాఫలకం కన్నా అదే నయం.

– అటవీ పునరుద్ధరణ కార్యకర్తలు