ఆదివారం సమావేశానికి రోస్టర్లు, పే స్లిప్పులు సిద్ధం చేసుకోండి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు శంషాబాద్‌లో, మనం ఎప్పుడూ కలిసే చోటే, వారపు విశ్రాంతి, జీతం విషయాలపై హైదరాబాద్ బేస్ పైలట్ల సమావేశం జరుగుతుంది. ఆ వేళకు డ్యూటీలో ఉన్నవారు తమ అభిప్రాయాన్ని ముందుగా రాసి పంపాలి.

పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి పోరాడిన తరువాతే 2025 జూలై 1 నుంచి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. అయితే సెలవును ఆ విశ్రాంతికి బదులుగా లెక్కించరాదన్న సూచనను అదే ఏడాది డిసెంబరు 5న, వేల విమానాలు రద్దయిన రోజుల్లో, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఉపసంహరించుకుంది. ఈ విశ్రాంతి నిబంధనలు 2024 జనవరిలోనే వెలువడినందున కొత్త పైలట్లను నియమించుకోవడానికి విమానయాన సంస్థలకు తగినంత వ్యవధి ఉందని, పైలట్ల లోటును మన నిద్రతో పూడ్చడం ప్రయాణికులకూ క్షేమం కాదని నా దృఢమైన అభిప్రాయం.

జీతం విషయంలో, ఆలస్యమైన విమానంలో నేలమీద గడిపిన గంటలకూ, డ్యూటీ కోసం ప్రయాణికులుగా వెళ్లిన గంటలకూ చెల్లింపు కోరదాం.

ప్రతి ఒక్కరూ గత మూడు నెలల రోస్టరును (డ్యూటీల పట్టికను), పే స్లిప్పును ఉద్యోగి నంబరు కనిపించకుండా చేసి, శుక్రవారం రాత్రిలోగా నాకు విడిగా పంపండి. దయచేసి వాటిని గ్రూపులో పెట్టవద్దు.