లోడు పెరిగింది, గదులు పెరగలేదు

సంపాదకుడికి,

పది రోజుల కిందట మీ మహబూబ్‌నగర్ జిల్లా పేజీలో భూత్పూర్ రోడ్డు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో వరండాలోనే తరగతులు నడుస్తున్నాయని ఫొటోతో వార్త వేశారు. ప్రతిపాదనలు పంపామన్న అధికారుల మాటతో అది ముగిసింది. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ రాలేదు కాబట్టి రాస్తున్నాను.

అది మా కాలనీ బడే. నా మనవరాలు అక్కడ రెండో తరగతి. మొన్న వాన పడిన రోజు గొడుగు తీసుకుని వెళ్లి అరగంట అక్కడే నిలబడ్డాను. ఒకే గదిలో రెండో తరగతి తూర్పు గోడ వైపు, మూడో తరగతి పడమటి గోడ వైపు తిరిగి కూర్చున్నాయి. వెనక వరుసల పిల్లల వీపులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అటువాళ్లు ఎనిమిదో ఎక్కం అందుకోగానే ఇటు తెలుగు పాఠం ఆగిపోయింది. ఎక్కం పూర్తయ్యేదాకా టీచరమ్మ పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడింది. వరండాలో ఒకటో తరగతి పిల్లలు జల్లు కొడుతుంటే బ్యాగులు ఒళ్లోకి లాక్కుని గోడకు జరిగారు. ఆ టీచర్లను ఒక్క మాట అననివ్వను. ఉన్నంతలో వాళ్లు చేయగలిగిందంతా చేస్తున్నారు.

నేను విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. కొత్త కాలనీ లేస్తోందంటే ఇళ్లెన్ని, మీటర్లెన్ని అని ముందే లెక్క కట్టేవాళ్లం. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగితే దాన్ని తీసి 100 కేవీఏది ఎక్కించేవాళ్లం. ఆలస్యమైతే ఫ్యూజులు ఎగిరిపోయేవి, కాలనీవాళ్లంతా ఆఫీసు ముందుకు వచ్చేవారు. బడిలో లోడు పెరిగితే ఏ ఫ్యూజూ ఎగరదు. పిల్లలు ఇంకొంచెం సర్దుకుని కూర్చుంటారు. అందుకే ఎవరికీ తొందర లేదు.

పాలకొండ దగ్గర కొత్త కలెక్టరేట్ 2022 డిసెంబరులో ప్రారంభమైంది. చుట్టూ ఇళ్లు పెరుగుతాయని ప్లాట్లు అమ్మేవాళ్లకు ముందే తెలుసు, కొన్నవాళ్లకూ తెలుసు. బడి కావాలన్న సంగతి మాత్రం ప్రభుత్వానికి తట్టలేదు. 2020 నుంచి ఇంటి అనుమతులన్నీ ఆన్‌లైన్లోనే ఇస్తున్నారు. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు లేస్తున్నాయో మున్సిపాలిటీ కంప్యూటర్లో ఉంది. మూడేళ్ల పిల్లలు ఎందరో అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉంది. ఆ పిల్లలే మూడేళ్లలో ఒకటో తరగతికి వస్తారు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒక్కరున్నా మా పిల్లలు వరండాలో తడిసేవారు కాదు. ఇంటి అనుమతి ఒక శాఖది, బడి ఇంకో శాఖది, అంగన్‌వాడీ మరో శాఖది. ఒకరి కాగితం ఇంకొకరు చూడరు. చివరి జనాభా లెక్కలేమో 2011 నాటివి. అప్పుడు మా కాలనీ ఉన్నచోట ఆముదం పండేది.

చట్టం లేక కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక్కో టీచరుకు ఒక గది ఉండాలి. నడిచి వెళ్లగలిగేంత దూరంలో బడి ఉండాలి. అడిగితే జిల్లా సగటు చూపిస్తారు. ఆ సగటే మమ్మల్ని ముంచుతోంది. పాలమూరు పల్లెల్లో పనుల్లేక, పిల్లల చదువుల కోసం జనం పట్నానికి వస్తున్నారు. అక్కడ ఒక్క టీచరు ముందు పదిహేను మంది, ఇక్కడ ఒక్క గదిలో రెండు తరగతులు. రెండూ కలిపి భాగిస్తే కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది.

పథకాలకూ కొదవ లేదు. 'మన ఊరు మన బడి'ని 2022 మార్చి 8న మన పక్కనున్న వనపర్తిలోనే ప్రారంభించారు. తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. కరెంటు, మరుగుదొడ్లు, తాగునీరు బాగుచేయడం మంచిదే, కాదనను. కానీ ఉన్న బడికి సున్నం వేయడం వేరు, జనం చేరిన చోట కొత్త బడి కట్టడం వేరు. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2020లో దరఖాస్తులు తీసుకున్నారు, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మరీ డబ్బు కట్టించుకున్నారు. నేనూ కట్టాను. అందులో మా వీధికి ఒక తరగతి గది కూడా రాలేదు. లేఅవుట్లో పార్కుకు స్థలం వదలాలన్న నిబంధన ఉంది కాబట్టి వదిలారు. బడికని వదిలిన స్థలం ఈ చుట్టుపక్కల నాకెక్కడా కనిపించలేదు. రేపు స్థలం కొనాలంటే గజం ధర ఎంత ఉంటుందో అధికారులే ఆలోచించాలి.

ఈలోగా తాహతు లేనివాళ్లు కూడా అప్పు చేసి ప్రైవేటు బడిలో వేస్తున్నారు. పొద్దున ఎనిమిదింటికి మా వీధి మలుపులో నిలబడితే, ఒక్కో ఆటోలో పది పన్నెండు మంది పిల్లలు, డ్రైవరు పక్కన ఇద్దరు, బయటకు వేలాడుతున్న బ్యాగులు కనిపిస్తాయి. సర్కారు బడిలో చేరేవాళ్లు లేరని ప్రసంగాలిచ్చే పెద్దలు ఒకసారి వచ్చి చూడాలి. చేరడానికి జనం సిద్ధంగానే ఉన్నారు, కూర్చోబెట్టడానికి చోటే లేదు.

మనది ఇప్పుడు నగరపాలక సంస్థ. జూన్ 12న బడులు తెరిచేలోపు కమిషనరూ విద్యాశాఖాధికారీ ఒక్క రోజు ఒకే బల్ల దగ్గర కూర్చుని కాలనీలవారీగా లెక్క తీయాలి. కొత్త బడి కట్టేదాకా కనీసం రెండు గదులు అద్దెకు తీసుకోవాలి. లెక్క తీయడానికి మనుషులు లేరంటే నేను వస్తాను. ఈ రోడ్డుకు అటూ ఇటూ ఏ ఇంటికి మీటరు ఎప్పుడు బిగించారో నాకు తెలుసు.

ఇట్లు,
విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
మహబూబ్‌నగర్